పదకొండు పొరలు

సెప్టెంబరు 1, సోమవారం

ఈ పుస్తకం సంగతి మా ఆవిడకి తెలియదు. తెలిస్తే చదువుతుంది, చదివితే నవ్వుతుంది, ఆవిడ నవ్వితే ఇక నా చెయ్యి సాగదు. అందుకే ఇది షాపులోనే, బ్రష్షుల పెట్టె అడుగున, పాత గుడ్డపీలికల కింద ఉంటుంది. అప్పుడే రెండు పేజీలకి నల్ల పాలిష్ అంటుకుంది.

రాయకుండా ఉండలేక రాస్తున్నాను. ఇవాళ మేష్టారు వచ్చారు.

ఆయన గోధుమరంగు బూట్లు ఏప్రిల్ నుంచి నా పై అరలో ఉన్నాయి. బాగుచేయమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించని వాళ్ళ జోళ్ళన్నీ ఆ అరలోనే. ఎదురు షాపు దర్జీ దాన్ని అనాథాశ్రమం అంటాడు. మొన్న గురువారం దుమ్ము దులుపుతూ ఆ బూట్లు చేతిలోకి తీసుకున్నాను. కొత్త సోలు వేసి, రెండు వరసలు కుట్టి, మొహం కనిపించేలా తోమిపెట్టినవి. మేష్టారు ఆసుపత్రిలో ఉన్నారని జూన్‌లో ఎవరో అన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఒళ్ళు మండింది. పైకి చూసి దేవుడితో గట్టిగానే అన్నాను.

"చూడవయ్యా. నేను ఇవి కుట్టింది మనిషి నడవడానికి, అరలో కూర్చోబెట్టడానికి కాదు. సోమవారం లోగా ఈ జోడు నా గుమ్మం దాటాలి. ఎలా దాటిస్తావో నీ తలనొప్పి."

ఇవాళ పదకొండింటికి మేష్టారు కోడలి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. సగం మనిషి అయ్యారు. నా బూట్లు ఉన్నాయా పారేశావా అని అడిగారు. నా నోట్లో ఏడు మేకులున్నాయి. పలకడానికి లేదు, మింగడానికి లేదు. ఆగమని చెయ్యి చూపించి, ఒక్కొక్క మేకూ తీసి బల్లమీద పెట్టి, బూట్లు దించి ఇచ్చాను.

ఇన్నేళ్ళూ నేను అడిగిన తీరు గుర్తొచ్చి సిగ్గేసింది. చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, చివర్లో "నీ ఇష్టం" అని తగిలించేవాణ్ణి. అది వినయం అనుకున్నాను. వినయం కాదు, పిరికితనం. ఇవ్వకపోతే అవమానం అవుతుందని ముందే వెనక్కి తగ్గడం. నా కోసం అడగాలంటే ఇప్పటికీ మొహమాటమే. ఇంకొకరి కోసం అడగడానికి మొహమాటం ఎందుకు?

ముప్పై ఏళ్ళ కింద ఒకసారి అలాగే "నీ ఇష్టం" అన్నాను. ఆయన తన ఇష్టమే చేశాడు. దాని గురించి ఇక్కడ రాయను.

సెప్టెంబరు 2

మేష్టారు షాపు ముందు నుంచి నడిచి వెళ్ళారు. రెండుసార్లు. రెండోసారి కావాలనే వెళ్ళారని నా అనుమానం.

సెప్టెంబరు 5, శుక్రవారం

మేష్టారివి పోగా అరలో మిగిలినవి ఎనిమిది జోళ్ళు. రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే ఒక్కొక్క జోడూ పట్టుకుని దాని మనిషి కోసం గట్టిగా అడుగుతున్నాను. నిన్న తెల్ల బూట్ల నర్సు వచ్చింది. వేరే ఊరికి బదిలీ అయిందట, నిన్ననే తిరిగి ఇక్కడికే వేశారట. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆవిడ భయపడి రెండడుగులు వెనక్కి వేసింది.

దర్జీకి చెప్పాను. వాడు సూదిలో దారం ఎక్కిస్తూ అంతా విని, "మిగతా ఏడు జోళ్ళ సంగతేంట్రా?" అన్నాడు. వాళ్ళ వంతు ఇంకా రాలేదన్నాను. దేవుడు కూడా నీలాగే శనివారం రమ్మని మంగళవారం ఇస్తాడేమో అన్నాడు. ముప్పై ఏళ్ళ స్నేహం కాబట్టి సుత్తి విసరలేదు.

మా ఆవిడ అడిగింది, ఈమధ్య ఏమిటి, అన్నం తింటూ కూనిరాగాలు తీస్తున్నారని. ఏం లేదన్నాను.

సెప్టెంబరు 6, శనివారం

మధ్యాహ్నం పిచ్చుక వచ్చింది. నేను పెట్టిన పేరే. బస్టాండులో టికెట్లిచ్చే అమ్మాయి కూతురు, డిసెంబరు ఆరుకి పదేళ్ళు నిండుతాయి. శనివారం బడి ఒంటిపూట. వాళ్ళమ్మ డ్యూటీ అయ్యేదాకా నా షాపులో కూర్చుని, నా మేకులు సైజుల వారీగా సర్ది, నా బుర్ర తింటుంది.

దాని ఎడమకాలు కుడికాలికన్నా ఇరవై రెండు మిల్లీమీటర్లు పొట్టి. ఎడమ బూటు కింద రెండేసి మిల్లీమీటర్ల రబ్బరు పొరలు పదకొండు అతికిస్తాను. నాలుగేళ్ళుగా నేనే. ఆ పొరలు లేకపోతే నడుం ఒక పక్కకి ఒరుగుతుంది, ఒరిగితే వెన్ను వంగుతుంది, ఎదిగే వయసు కాబట్టి వంగినది వంగినట్టే ఉండిపోతుంది. డాక్టరు రాసిచ్చిన చీటీ నా బల్ల ఎదురుగా గోడకి అంటించి ఉంది. 22 అన్న అంకె కింద ఆయనే రెండు గీతలు గీశాడు.

ఇవాళ అది గడప మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళ కాళ్ళు చూస్తూ అడిగింది.

"తాతయ్యా, గుడ్డ బూట్లు నాకు పనికిరావా?"

మామూలు పిల్లలు వేసుకునేవి, పల్చటి సోలువి, ఎర్రవి. క్లాసులో ముగ్గురికి ఉన్నాయట. పనికిరావని చెప్పడానికి నోరు తెరిచాను, పనికొస్తాయని చెప్పాను. ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది.

అది వెళ్ళాక షట్టర్ సగం దించి నిలబడి అడిగాను. "మేష్టార్ని లేపి నడిపించావు. ఈ పిల్లకి ఇరవై రెండు మిల్లీమీటర్లు ఇవ్వడం నీకెంత? నా బొటనవేలి గోరంత వెడల్పు. డిసెంబరు ఆరు. నీ ఇష్టం అనను. నా ఇష్టం ఇది, నువ్వు కానివ్వు." చెమటలు పట్టాయి. అంత ధైర్యంగా ఎవరితోనూ మాట్లాడలేదు, మా మామగారితో సహా.

సెప్టెంబరు 13, శనివారం

ఒక పొర తీశాను.

కింది పొర అరిగింది, ఎలాగూ మార్చాలి. పాతది ఊడదీసి కొత్తది చేతిలో పట్టుకుని ఆగిపోయాను. కాలు పెంచమని అడిగినవాణ్ణి నేను. పెరుగుతుందని నమ్మితే పదకొండూ ఎందుకు వెయ్యాలి? ఒక దర్జీకి గుడ్డ ఇచ్చి, నమ్మకం లేక అదే కొలతలతో ఇంకో దర్జీకి కూడా గుడ్డ ఇచ్చినట్టు ఉంటుంది. పదే వేశాను. ఇరవై.

పిచ్చుకకి చెప్పేశాను. దాచే ఓపిక లేదు నాకు. నీ కాలు పెరగాలని అడిగాను, పెరుగుతుంది, అందుకే ఒక పొర తగ్గించాను, పుట్టినరోజుకి ఎర్ర బూట్లు, అమ్మకి అప్పుడు చూపిద్దాం అన్నాను. అది బూటు తిరగేసి చాలాసేపు చూసింది.

"నిజంగా పెరుగుతుందా?"

"తాతయ్య ఎప్పుడైనా నీకు అబద్ధం చెప్పాడా?"

లేదని తలూపింది. వెళ్ళేటప్పుడు కొంచెం ఎడమకి ఒరిగింది. కొత్త జిగురు, బిగుసుకోవాలి.

సెప్టెంబరు 20, శనివారం

నిటారుగా నడిచింది. ఇక్కడి నుంచి దర్జీ షాపు దాకా, మళ్ళీ ఇక్కడి దాకా. రెండు భుజాలూ సమంగా. నేను నాలుగేళ్ళుగా ఈ పిల్ల నడక చూస్తున్నవాణ్ణి, నా కళ్ళు నన్ను మోసం చెయ్యవు. ఇరవై మీద నిటారుగా నడిచిందంటే రెండు మిల్లీమీటర్లు వచ్చినట్టే కదా.

ఎగిరి గంతేద్దామనుకున్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఎదురుగా వెళ్ళి దర్జీని కౌగిలించుకున్నాను. వాడి నోట్లో గుండుసూదులున్నాయి, ఏమీ అనలేకపోయాడు.

స్కేలు పెట్టి కాలు కొలవొచ్చు. చెయ్యి వెళ్ళింది కూడా. వెనక్కి తీసుకున్నాను. ఇచ్చేవాడి ముందు తూకం పెట్టి చూసుకోవడం ఏం మర్యాద?

అక్టోబరు 4, శనివారం

రెండో పొర తీశాను. పద్దెనిమిది.

అక్టోబరు 11, శనివారం

నిటారుగా. నిటారుగా. నిటారుగా.

ఇంకో రెండు జోళ్ళు గుమ్మం దాటాయి. ఒక జోడు మనిషి వచ్చి, మర్చిపోయాను సార్ అని నెత్తి గోక్కున్నాడు. మర్చిపోయినవాడికి గుర్తుచేసింది ఎవరు మరి? నాకు పట్టపగ్గాల్లేవు. మందుల షాపాయన వాళ్ళబ్బాయి పరీక్ష కోసం, బస్సు డ్రైవరు భార్య కళ్ళ కోసం, అందరి కోసం అడుగుతున్నాను. వాళ్ళు అడగమనలేదు, వాళ్ళకి తెలియను కూడా తెలియదు. చెప్పు తెగిందని వచ్చినవాణ్ణి నిలబెట్టి ఇంట్లో అంతా క్షేమమేనా అని ఆరా తీస్తున్నాను. ఒకాయన నన్ను పోలీసువాళ్ళ మనిషి అనుకున్నాడు.

అక్టోబరు 18, శనివారం

మూడో పొర. పదహారు.

ఎర్ర గుడ్డ తెచ్చాను. మందంగా, గట్టిగా, రంగు దిగనిది. రెండు సోళ్ళూ ఒకే రబ్బరు షీటులోంచి, ఒకే మందంలో కోశాను. నాలుగేళ్ళలో ఈ పిల్లకి రెండు సోళ్ళూ సమంగా కోయడం ఇదే మొదటిసారి. కత్తి తేలిగ్గా నడిచింది.

అక్టోబరు 21

మా ఆవిడ భోజనం క్యారియరు తెచ్చి, కుట్టిన ఎర్ర బూట్లు బల్లమీద చూసింది. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి పెట్టేసింది. పిచ్చుక కోసమా అంది. అవునన్నాను. రెండూ సమంగా ఉన్నాయేంటంది. చూస్తావుగా అన్నాను.

క్యారియరు గిన్నెలు విప్పుతూ, "మన పాప కాళ్ళు ఇంతదాకా పెరగలేదు," అంది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మాట ఎత్తింది. ఈసారి నేను గట్టిగా అడిగానని ఆవిడకి చెప్పాలనిపించింది. చెప్పలేదు.

అక్టోబరు 25, శనివారం

ఎడమ బూటు ముందు అంచు అరిగింది. వేళ్ళ కింద, అర్ధచంద్రంలా. మడమ మాత్రం కొత్తదానిలా ఉంది. మునివేళ్ళ మీద నడిచే వాళ్ళ బూటు అలా అరుగుతుంది.

పరిగెడుతోంది కాబోలు. పరిగెత్తేవాళ్ళ బూటూ అలాగే అరుగుతుంది. పరిగెత్తనీ. ముందు అంచుకి చిన్న ముక్క వేశాను.

నవంబరు 1, శనివారం

నాలుగో పొర. పద్నాలుగు. నిటారుగానే నడిచింది. ఇవాళ ఎక్కువ మాట్లాడలేదు, మేకులు సర్దింది. నీ నాలుక ఇంట్లో మర్చిపోయావా అన్నాను. నవ్వింది.

నవంబరు 8, శనివారం

రాలేదు. జలుబట.

నవంబరు 15, శనివారం

వచ్చింది. నడిచి చూపించమంటే, తర్వాత తాతయ్యా అంది. బల్లకి ఆనుకుని కూర్చుంది. పొర తీద్దామా అన్నాను. ఈ వారం వద్దు, వచ్చే వారం అంది. బూటు విప్పి ఇవ్వలేదు.

బడి నుంచి అలిసిపోయి వచ్చి ఉంటుంది.

నవంబరు 17, సోమవారం

పొద్దున్నే వాళ్ళమ్మ వచ్చింది, పిల్ల బూట్లు సంచిలో వేసుకుని. ఆ అమ్మాయి నన్ను బాబాయ్ అంటుంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఇవాళ గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

పదిహేను రోజులుగా పిల్లకి నడుం నొప్పట, చెప్పకుండా దాచిందట. ఆదివారం మంచం మీంచి లేవలేకపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెన్ను ఒక పక్కకి వంగుతోంది. రోజూ వచ్చే డాక్టరు సెలవులో ఉన్నాడు, వేరే ఆయన చూశాడు. బూటు ఎత్తు సరిగ్గానే ఉంది కదా అని అడిగాడట. ఈ అమ్మాయి ధీమాగా చెప్పిందట, మా బాబాయ్ వేస్తాడు, నాలుగేళ్ళుగా వెంట్రుకవాసి తేడా రాలేదని. ఎత్తు సరిగ్గా ఉండి కూడా వంగుతోందంటే లోపల ఇంకేదో ఉందన్నాడు. వచ్చే సోమవారం, ఇరవై నాలుగున చేర్చుకుంటారు. వెన్ను లోపల పరీక్షలు. అవసరమైతే ఆపరేషను.

"మంచంలో ఉంటుంది కదా, ఇప్పుడు బూట్లెందుకు. నీ దగ్గరే ఉంచు బాబాయ్. పాలిష్ చేసి పెట్టు."

పొరల సంగతి చెప్పకుండా సంచి అందుకున్నాను. మేకులు కూడా లేవు ఇవాళ నోట్లో.

సంచి పై అరలో పెట్టాను. వేరే చోటు కనిపించలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

ఇది పరీక్ష. అంతే. సగంలో ఆపితే అడిగినట్టే కాదు. ఇప్పుడే ఇంకా గట్టిగా అడగాలి. అడిగాను. షట్టర్ పూర్తిగా దించేసి అడిగాను.

నవంబరు 18

అడిగాను.

నవంబరు 19, బుధవారం

అడిగాను. మధ్యలో ఆగిపోయాను. ఒకటే మాట మళ్ళీ మళ్ళీ చెవిలో వినిపించింది. వెంట్రుకవాసి తేడా రాలేదు.

నవంబరు 20, గురువారం

వరసగా రాస్తాను. తప్పించుకోకుండా రాస్తాను.

పాలిష్ చేద్దామని పొద్దున సంచి దించాను. ఎడమ బూటు లోపలి అట్ట మడమ దగ్గర కొంచెం లేచి ఉంది. నేనెప్పుడూ కింద పని చేసేవాణ్ణి, లోపల చెయ్యి పెట్టే అవసరం రాలేదు. అట్ట ఎత్తాను.

టికెట్లు. వాళ్ళమ్మ డ్యూటీ అయ్యాక మిగిలే చిరిగిన టికెట్లు, మడతలు పెట్టి, దారంతో కట్టి, కట్టలు కట్టలుగా. నాలుగు కట్టలు. నేను తీసిన పొర ఒక్కొక్కదానికీ ఒక్కొక్క కట్ట.

నా మిషను దారమే. నా బల్ల మీదిదే.

కట్టలు నాలుగూ బల్లమీద వరసగా పెట్టాను. నిటారుగా, నిటారుగా అని ఈ పుస్తకంలో రాసుకున్నాను కదా, ఆ నిటారు ఈ కట్టల మీద నిలబడింది. శనివారం నా దగ్గరికి వచ్చే ముందు కట్టలు సర్దుకునేది. బూటు నాకిచ్చే ముందు తీసి జేబులో వేసుకునేది, తిరిగి తొడుక్కునేటప్పుడు పెట్టుకునేది. మిగతా రోజుల్లో కాగితం ఎంతసేపు ఆగుతుంది? బడికి వెళ్ళేసరికి అణిగిపోతుంది. అణిగాక మునివేళ్ళ మీద నడిచింది. ముందు అంచు అరిగింది అందుకు. నాకు తెలుసు అందుకేనని. చూసిన రోజే తెలుసు.

స్కేలు తీసి కట్టలు కొలిచాను. నాలుగూ కలిపి అయిదు మిల్లీమీటర్లు. ఎనిమిది ఉండాలి.

షాపు తెరిచిపెట్టి, ఏప్రనుతోనే బస్టాండుకి పరిగెత్తాను. నిజంగానే పరిగెత్తాను. టికెట్టు కిటికీ ముందు పది మంది వరసలో ఉన్నారు. వరసలో నిలబడాలి కదా, నిలబడ్డాను. నా ముందు వాళ్ళు ఒక్కొక్కరూ తగ్గుతుంటే వెళ్ళిపోదామని మూడుసార్లు అనిపించింది. నా వంతు వచ్చింది. అద్దంలో గుండ్రటి కన్నం దగ్గరికి మొహం పెట్టి చెప్పాను. బూటు ఎత్తు పద్నాలుగే ఉందమ్మాయ్, నాలుగు పొరలు తీశాను, దాని కాలు పెరుగుతుందని దేవుణ్ణి అడిగాను, నమ్మి తీశాను.

ఆ అమ్మాయి చేతిలో టికెట్ల కట్ట అలాగే ఉండిపోయింది. వెనకనుంచి ఎవరో బస్సు వెళ్ళిపోతుందండీ అన్నారు. ఆయనకి టికెట్టు చింపి ఇచ్చింది. చిల్లర సరిగ్గా ఇచ్చింది. తర్వాత "మూసి ఉంది" బోర్డు పెట్టింది. అద్దం అవతలనుంచే మాట్లాడింది, అరవలేదు.

"నువ్వు దేవుణ్ణి ఏం అడిగావో నాకనవసరం బాబాయ్. నా పిల్ల కాలికింద నుంచి తీసింది నువ్వు. దేవుడు కాదు."

నిజమే అన్నాను.

"రేపు నాతో ఆసుపత్రికి రా. డాక్టరుకి నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పను."

నవంబరు 21, శుక్రవారం

చెప్పాను. పాత డాక్టరు సెలవు నుంచి వచ్చాడు. చీటీలో రెండు గీతలు గీసిన ఆయనే. బూటు బల్లమీద పెట్టాను, పక్కన నాలుగు కట్టలు పెట్టాను. ఆయన నన్ను కాదు, ఆ కట్టల్నే చూశాడు. ఎన్నేళ్ళుగా చేస్తున్నావీ పని అని అడిగాడు. నలభై ఏళ్ళన్నాను. తిట్టినా బాగుండేది.

పిల్ల కాళ్ళు కొలిచాడు. ఇరవై రెండు. ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు, తగ్గలేదు.

లోపల జబ్బేమీ ఉండి ఉండదన్నాడు. సోమవారం చేర్చుకోవడం రద్దు. సరైన ఎత్తు వేసి, వ్యాయామాలు చేయిస్తే వంపు మెల్లిగా తగ్గొచ్చు, రెండు నెలలకి మళ్ళీ చూస్తామన్నాడు. వాళ్ళమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంకో మూడు రోజులు నేను నోరు మూసుకుని గట్టిగా అడుగుతూ కూర్చుని ఉంటే ఆ పిల్లని ఆపరేషను బల్ల ఎక్కించేవాళ్ళు.

ఆ అమ్మాయి కాగితాల మీద సంతకాలకి వెళ్ళింది. బెంచీ మీద నేనూ పిచ్చుకా. నాకు దాని మొహం చూసే ధైర్యం లేదు. టికెట్లు ఎందుకు పెట్టావని అడిగాను.

"నేనూ అడిగాను తాతయ్యా. నువ్వు చెప్పిన మాట నిజం కావాలని రోజూ అడిగాను. కాలేదు. నువ్వేమో చాలా సంతోషంగా ఉన్నావు. అందుకని పెట్టాను."

అందరి కోసం అడుగుతున్నానని ఊరేగాను. నా కోసం ఒక పిల్ల అడుగుతోంది, అడిగి, తన నడుం కూడా పెట్టింది. అక్కడే, అందరి ముందూ, ఏడ్చాను. అది నా ఏప్రను అంచు పట్టుకుని కూర్చుంది.

నవంబరు 22

పదకొండు పొరలు. స్కేలుతో మూడుసార్లు కొలిచి, దర్జీ చేత ఒకసారి కొలిపించి, వాడి చేతికే ఇచ్చి వాళ్ళింటికి పంపాను. వాడు దారి పొడుగునా ఒక్క జోకు కూడా వెయ్యలేదట. అదే చెప్పాడు, గర్వంగా.

నవంబరు 26

షట్టర్ ఎత్తాను. అరవైపు చూడలేదు. మేకులు కొట్టాను.

నవంబరు 29, శనివారం

ఎవరూ రాలేదు. మేకులన్నీ కలిసిపోయాయి. సర్దబుద్ధి కాలేదు.

మా ఆవిడకి మొత్తం చెప్పాను. నవ్వలేదు. పాపకి జ్వరం వచ్చినప్పుడు తను కూడా గట్టిగానే అడిగిందట, గోడకి తల కొట్టుకుని మరీ అడిగిందట. నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నేను మెల్లిగా అడగడం వల్లే పోయిందని నాలో నేను అనుకుంటూ ఉన్నాను. "మీ గొంతు చిన్నదయ్యి కాదండీ," అంది. గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరగకుండా అంది.

డిసెంబరు 3

ఎర్ర బూట్లు తీసి చూశాను. రెండూ సమంగా, అందంగా, ఎవరికీ పనికిరాకుండా ఉన్నాయి. ఎడమదాని సోలు ఊడదీశాను.

డిసెంబరు 6, శనివారం

వచ్చారు. తల్లీ కూతురూ ఇద్దరూ. వస్తారని అనుకోలేదు. ఆ అమ్మాయి లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది. పిచ్చుక మాత్రం వస్తూనే నా మేకుల డబ్బాలు చూసి, ఇదేంటి తాతయ్యా ఇలా చేశావు అని విసుక్కుంది.

ఎర్ర బూట్లు బల్లమీద పెట్టాను. ఎడమదానికి పదకొండు పొరలు, అన్నీ ఎర్ర రబ్బరువే, అంచులు కనిపించకుండా చుట్టూ ఎర్ర గుడ్డ కుట్టాను. పల్చటివి కావు. వాళ్ళ క్లాసులో పిల్లల బూట్లలా లేవు. పిచ్చుక నోరు తెరిచి, మూసి, తొడుక్కోబోయింది.

"ఆగు," అంది వాళ్ళమ్మ.

గడప దాటి వచ్చింది. నా బల్లమీది స్కేలు తీసుకుంది. బూటు తిరగేసి, మడమ దగ్గర కొలిచింది, మధ్యలో కొలిచింది, వేళ్ళ దగ్గర కొలిచింది. వెలుతురు చాలలేదని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ కొలిచింది. ఎదురుగా దర్జీ మిషను ఆపేశాడు.

"ఇరవై రెండు," అని కూతురికి ఇచ్చింది.

పిచ్చుక దర్జీ షాపు దాకా వెళ్ళి వచ్చింది. ఇంకా కొంచెం ఒరుగుతోంది. నడుం తిన్నబడటానికి టైం పడుతుంది. వచ్చి నా ముందు నిలబడి అడిగింది, నా కోసం మళ్ళీ అడుగుతావా తాతయ్యా అని. నేను వాళ్ళమ్మ వైపు చూశాను. జవాబు చెప్పే హక్కు నాకు లేదు.

ఆ అమ్మాయి స్కేలు తన హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. నా స్కేలే.

"అడుగు బాబాయ్. గట్టిగానే అడుగు. కొలతలు మాత్రం ఇకనుంచి నేను చూస్తాను."

వాళ్ళు వెళ్ళాక, ఇన్నాళ్ళుగా కన్నెత్తి చూడని అర దగ్గరికి వెళ్ళాను. ఇంకా అయిదు జోళ్ళున్నాయి. ఒక్కొక్కటే దించి దుమ్ము దులిపి, వాళ్ళ కోసం అడిగాను. గొంతు మొదట రాలేదు, తర్వాత వచ్చింది. ఏదో మిషను మోత అనుకుని ఆపమని దర్జీ అరిచేంత వచ్చింది, మోగుతున్న మిషను తనదేనని తర్వాత వాడికి గుర్తొచ్చి ఇద్దరం నవ్వాం.

చివర్లో గోడమీది చీటీ ముందు నిలబడ్డాను.

"చూడవయ్యా. డిసెంబరు ఆరు వచ్చేసింది, నువ్వు ఇవ్వలేదు. నేను అడగడం మానను. రేపూ అడుగుతాను, ఆ పిల్ల పెద్దదయ్యేదాకా అడుగుతాను. పదకొండు పొరలూ వేసే ఉన్నాయి, ఒక్కటి కూడా నేను ముట్టను. తీసేదేదో నువ్వే వచ్చి తియ్యి."